తలుపు వెనక ఎవరున్నారో తెలిసిన మనిషి కావాలి

2024 సెప్టెంబరు 2, సోమవారం. విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద కాలు పెట్టే చోటు లేదు. పైన లారీల్లోంచి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు దిగుతున్నాయి. కింద బుడమేరు వాగు వరద నీళ్ళు. పడవల మీద, ట్రాక్టర్ల మీద, గాలి నింపిన ట్యూబుల మీద జనం బయటికి వస్తున్నారు. ఆ గుంపులోంచి మా పొదుపు సంఘాల సమాఖ్య లీడరు ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఒంటి మీద చీర పూర్తిగా తడిసిపోయింది. తల మీద మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టిన ఒక పుస్తకం పొడిగా ఉంది. నేను పొట్లాల సంచీ అందించబోతే ఆవిడ తీసుకోలేదు.

"అన్నం సంగతి తర్వాత మేడంగారూ. నాలుగో వీధిలో ఇద్దరికి ఇన్సులిన్ అయిపోయింది. ఆరో వీధిలో మేడ మీద తొమ్మిదో నెల పిల్ల ఉంది. పదో వీధి చివరింట్లో పెద్దాయన మంచం దిగలేడు, కొడుకు ఊళ్ళో లేడు. ముందు వీళ్ళని చూడమని పడవ వాళ్ళకి చెప్పండి" అంది.

పుస్తకం విప్పి చూపించింది. అది పొదుపు సంఘాల మినిట్స్ పుస్తకం. ముందు పేజీల్లో తీర్మానాలు, సంతకాలు, వేలిముద్రలు. వెనక పేజీల్లో వీధుల వారీగా ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఎదురుగా ఒకటి రెండు మాటలు: సుగర్ మనిషి, బాలింత, ఒంటరి ముసలమ్మ, కళ్ళు కనపడవు, డయాలసిస్. ఆ పేజీ పట్టుకుని పడవ వెళ్ళింది. మధ్యాహ్నానికి ఇన్సులిన్ చేరింది. సాయంత్రానికి ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది. పెద్దాయనను నలుగురు కుర్రాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు.

ఆ రోజు లారీల్లో వచ్చిన అన్నాన్ని నేను తక్కువ చెయ్యను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు రాత్రింబవళ్ళు పనిచేశారు. వాళ్ళ రుణం ఈ నగరం తీర్చుకోలేదు. కానీ పొట్లం ఫ్లైఓవర్ దగ్గర ఉన్నవాడికి మొదట అందింది, బలమున్నవాడికి రెండుసార్లు అందింది. పదో వీధి చివరింట్లో మంచం దిగలేని మనిషి ఉన్నాడని లారీకి తెలియదు, ఆకాశంలో ఎగిరే డ్రోనుకూ తెలియదు. తెలిసింది ఆ పుస్తకానికి.

విజయవాడ పేటల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున ఇరవై ఏళ్ళకు పైగా తిరుగుతున్నదాన్ని. మాది రెండు గదుల ఆఫీసు. సామాజికాభివృద్ధి అనే పెద్ద మాటకు అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ పుస్తకాన్నే చూపిస్తాను. ఏ తలుపు వెనక ఎవరున్నారో తెలిసిన మనిషి ప్రతి వీధిలో ఉండాలి. ఆ మనిషి తయారయ్యేదాకా పక్కన మరొక మనిషి ఉండాలి. మిగిలినవన్నీ దాని మీద నిలబడేవే. మన విరాళాలు, మన పథకాలు, మన కంపెనీల సేవానిధులు అన్నిటికీ డబ్బు పెడుతున్నాయి, ఈ ఒక్క పనికి తప్ప. అందుకే ఈ వ్యాసం.

బిందెల లెక్క

2000ల మొదట్లో నేను ఈ పనిలోకి వచ్చేసరికి నగరానికి ఉత్తరాన కొత్త కాలనీలు లేస్తున్నాయి. వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన 2001లో వచ్చిన కేంద్ర పథకం. దాని పొట్టి పేరే వాంబే. ఆ పథకం పోయినా వాంబే కాలనీ అన్న పేరు బెజవాడలో ఉండిపోయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద, కొండవాలు మీద బతికినవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్ళు అటువైపు పేటల్లో చేరారు. పక్కింటివాళ్ళు ఎవరో ఒకరికొకరికి తెలియదు. ఇల్లు ఇచ్చారు గానీ ఇరుగుపొరుగును ఎవరూ ఇవ్వలేరు కదా.

మొదటి ఆరు నెలలు నేను చేసిందల్లా తిరగడమే. గుమ్మం దగ్గర నిలబడితే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏం ఇస్తారు?" అని. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదనేదాన్ని. "మరెందుకొచ్చావమ్మా?" అని తలుపేసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. అంతకు ముందు వచ్చినవాళ్ళు వివరాలు రాసుకుని, ఫొటోలు తీసుకుని మళ్ళీ కనిపించలేదు.

తలుపు తెరిపించింది కుళాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ళు వచ్చేవి. ఒకరోజు గంట, ఒకరోజు ఇరవై నిమిషాలు, ఒకరోజు అసలు రావు. రాత్రి పదింటికే బిందెలు వరసలో పెట్టుకునేవారు. రోజూ కొట్లాట. ఒకసారి ఇత్తడి బిందె తగిలి ఒక పిల్లకు నుదురు చిట్లింది. మర్నాడు మేం పద్నాలుగు మంది ఆడవాళ్ళం ఆ కుళాయి గట్టు మీదే కూర్చున్నాం. వెళ్ళి కార్పొరేషన్ ఆఫీసు ముందు బైఠాయిద్దామన్నారు కొందరు. అంతకు ముందు రెండుసార్లు వెళ్ళారట. చూస్తాం అన్నారట, అంతే.

అప్పుడు ఒకావిడ అంది: "మనం నీళ్ళు రావట్లేదంటాం. వాళ్ళు వస్తున్నాయంటారు. ఎవరి మాట నిజమో రాసి చూపిద్దాం." ఆవిడ చదివింది ఐదో తరగతి. ఇళ్ళల్లో అంట్లు తోమే పని. ఆవిడకు తోచింది నాకు తోచలేదు.

నెలరోజులు రాశారు. నీళ్ళు వచ్చిన టైము, ఆగిన టైము, నిండిన బిందెలు, ఖాళీగా వెనక్కి వెళ్ళిన బిందెలు. ఒక్కో రోజు ఒక్కో ఇంటివాళ్ళది బాధ్యత. రాయడం రానివాళ్ళు గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తే, చదువుకునే పిల్లలు వాటిని పుస్తకంలోకి ఎక్కించారు. ఆ పుస్తకం తీసుకెళ్ళి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టారు. ఆయన మొదట విసుక్కున్నా, రెండో పేజీకి వచ్చేసరికి కుర్చీలు వేయించారు. పైపు ఎత్తులో ఎక్కడ తేడా ఉందో ఆ అంకెల్లోనే ఆయనకు దొరికింది. ఎనిమిది నెలలకు రెండో లైను వచ్చింది.

కుళాయి రావడం సంతోషమే. దానికంటే పెద్ద మార్పు ఇంకొకటి జరిగింది. ఆఫీసుకు దండం పెట్టి అడిగేవాళ్ళు లెక్క చూపించి మాట్లాడేవాళ్ళయ్యారు. ఆ తర్వాత వీధి దీపాలు, డ్రైను, అంగన్‌వాడీ, అన్నిటికీ అదే దారి. సమస్యను ముందు పుస్తకంలో రాయడం, తర్వాత బల్ల మీద పెట్టడం. వరదనాడు ప్రాణాలు కాపాడిన ఇళ్ళ జాబితా కూడా అలా మొదలైందే. పోలియో చుక్కల రోజు ఏ ఇంట్లో చిన్నపిల్లలున్నారో రాసుకోవడంతో మొదలై ఏటా పెరుగుతూ వచ్చింది.

అప్పుల కాగితం

పొదుపు సంఘాల కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. రోజుకో రూపాయి అన్న మాట 1990లలో పల్లెపల్లెనా మోగింది. పట్టణాల్లో ఆ పని చూసే మెప్మా 2007లో వచ్చింది. దానికి ముందు మా పేటల్లో సంఘాలను చిన్న సంస్థలు, కార్పొరేషన్ యూసీడీ విభాగం కలిసి నడిపాయి. ఆ విభాగానికి మూలం హైదరాబాద్‌లో 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు. పేటలోని మనుషుల్ని కూడగట్టి, వాళ్ళు ముఖ్యమనుకున్న పనిని వాళ్ళతోనే చేయించాలన్నది దాని పద్ధతి. యాభై ఏళ్ళు దాటినా అంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

ఆ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది 2006లో. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వీధివీధికీ వచ్చిన కాలం అది. ఒకరి అప్పు తీర్చడానికి ఇంకొకరి దగ్గర అప్పు. వారం వారం కిస్తీ. ఒక మనిషి కట్టకపోతే మిగతా గుంపంతా ఆవిడ గుమ్మంలో కూర్చోవాలి. ఆ ఏడాది మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సుమారు 50 మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించింది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్ళింది వ్యవహారం.

ఆ రోజుల్లో మా సమావేశాల్లో ఒక పని పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరూ ఒక తెల్లకాగితం మీద తమ అప్పులన్నీ రాయాలి. ఎవరి దగ్గర, ఎంత, వారానికి ఎంత, దేనికోసం. పక్కవాళ్ళకు చూపించక్కర్లేదు. రాసుకుని కూడితే చాలు. ఒకావిడ కూడిక అయ్యాక పెన్ను కింద పెట్టేసింది. ఆవిడ వారమంతా ఇళ్ళల్లో పనిచేసి తెచ్చే జీతం కంటే వారం కిస్తీ మొత్తం ఎక్కువ. అది అప్పటిదాకా ఆవిడకే తెలియదు. ఒక్కో చోట చిన్నగా కనిపించే అప్పు కాగితం మీద కలిసేసరికి అసలు ఆకారం చూపించింది. సంఘం తన పొదుపులోంచి ఆవిడకు తక్కువ వడ్డీకి అప్పిచ్చి, అన్నిటికంటే బరువైన రెండు అప్పులు ముందు తీర్పించింది. పూర్తిగా బయటపడడానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆవిడ టిఫిన్ బండి నడుపుతోంది.

లెక్క రాసుకోవడం నేర్చుకున్న సంఘం ఒక్క రోజులో తయారు కాదు. రెండో శనివారం, నాలుగో శనివారం ఎవరో ఒకరు వెళ్ళి కూర్చోవాలి. కూడిక తప్పితే సరిచెయ్యాలి. లీడరు, సెకండ్ లీడరు మాట్లాడుకోకపోతే ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి టీ తాగిరావాలి. ఇదంతా ఏ నివేదికలోనూ కనిపించని పని. ఈ పని చేసే అమ్మాయి జీతం ఎవరిస్తారన్నదే ఇప్పుడు నా ప్రశ్న.

ప్లాంటు ఇచ్చారు, మనిషిని ఇవ్వలేదు

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు అంతకు ముందు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మంచి చట్టం. ఆ డబ్బు మా పేటకూ వచ్చింది. ఒక కంపెనీవారు మంచినీళ్ళ ప్లాంటు పెట్టించారు. రిబ్బన్ కత్తిరించారు, బోర్డు మీద పేరు రాయించారు. దాన్ని నడిపే మనిషికి జీతం, ఇంటింటికీ తిరిగి కమిటీ వేయించడానికి ఒక కార్యకర్త కావాలని మేం అడిగాం. వస్తువుకైతే ఇస్తాం, జీతాలకు ఇవ్వలేం అన్నారు. ఫిల్టరు మార్చాల్సి వచ్చిన రోజు ఎవరు మార్చాలో తెలియలేదు. కరెంటు బిల్లు ఎవరి పేరు మీద కట్టాలో తేలలేదు. రెండేళ్ళు తిరక్కుండానే తాళం పడింది. బోర్డు మాత్రం నిన్నమొన్నటిదాకా మెరుస్తూనే ఉంది.

అలాంటి మంచినీళ్ళ ప్లాంట్లే మరోచోట ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. వరంగల్ కేంద్రంగా 1991 నుంచి పనిచేస్తున్న బాల వికాస సంస్థ ఊళ్ళల్లో పెట్టించిన ప్లాంట్లలో ముందు కమిటీ, తర్వాతే యంత్రం. ఊరు తన వాటా వేసుకుంటుంది. నీళ్ళు పట్టుకునేవాళ్ళు కట్టే చిన్న మొత్తంతోనే నిర్వహణ సాగుతుంది. లెక్క ఊరి ముందు ఉంటుంది. తమిళనాడులోని తిరుచిరాపల్లి మన విజయవాడలాంటి నగరమే. అక్కడ 1987లో పుట్టిన గ్రామాలయ సంస్థ పేటల్లోని ఆడవాళ్ళను సంఘాలుగా కూడగట్టి, పాడుబడ్డ సామూహిక మరుగుదొడ్ల నిర్వహణను వాళ్ళకే అప్పగించేలా చేసింది. వాడినవాళ్ళ దగ్గర చిన్న రుసుము తీసుకుని, లెక్క రాసి, ఊడ్చే మనిషికి జీతమిచ్చి ఆ సంఘాలే వాటిని నడిపాయి. మిగిలిన డబ్బు పేట అవసరాలకే వాడాయి. ఆ సంస్థ వ్యవస్థాపకుడు దామోదరన్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఏ ఊళ్ళో అయినా యంత్రమే. నిలబడిందా పాడుబడిందా అన్నది దాని వెనక ఉన్న మనుషుల్ని బట్టి ఉంటుంది.

జీతాలకు మిగిలిన మరో దారి విదేశీ విరాళాలు. వాటి మీద చట్టం 2020లో బిగిసింది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం నిషేధమైంది. దుర్వినియోగాన్ని ఆపడానికి నియమాలు ఉండాల్సిందే, నేను కాదనను. కానీ పెద్ద సంస్థ దగ్గర తీసుకుని పేటలో పనిచేసే మాలాంటి చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. మా దగ్గర పనిచేసిన ముగ్గురు అమ్మాయిలు మానేశారు. ఒకమ్మాయి బట్టల షాపులో చేరింది. వెళ్ళేముందు తన వీధుల పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏ ఇంట్లో ఏ సంగతి జాగ్రత్తగా చూడాలో రెండు గంటలు కూర్చుని చెప్పింది. అంత తెలిసిన మనిషి ఇప్పుడు షాపులో చీరలు మడతపెడుతోంది. ఆ పని చిన్నదని కాదు. పేటకు జరిగిన నష్టం చిన్నది కాదని చెబుతున్నాను.

అడిగేవాళ్ళకు నా జవాబు

స్వచ్ఛంద సంస్థల పేరుతో మోసాలు జరగలేదా అని అడుగుతారు. జరిగాయి. కాగితాల మీద సంఘాలు చూపించి డబ్బు తిన్నవాళ్ళు నాకూ తెలుసు. వాళ్ళ వల్లే మమ్మల్ని ప్రతి గుమ్మంలో అనుమానంగా చూశారు. దీనికి మందు ఆడిటర్ సంతకం ఒక్కటే కాదు. ఏ పేట పేరు చెప్పి డబ్బు తెచ్చామో ఆ పేటలో కూర్చుని జమా ఖర్చులు పైకి చదవాలి. మేం ప్రతి ఏప్రిల్‌లో చదువుతాం. టీ ఖర్చు ఎందుకు ఇంతయిందని కూడా అడుగుతారు. అడగాలి. ఆ ప్రశ్నకు భయపడే సంస్థ పేటలో ఉండకూడదు.

ఇదంతా ప్రభుత్వం పని కదా అని మరికొందరంటారు. నిజమే. నీళ్ళు, డ్రైను, బడి, ఆసుపత్రి ప్రభుత్వమే ఇవ్వాలి. మేం దాని స్థానంలోకి రాలేం, రాకూడదు. కానీ ప్రభుత్వం కిటికీ దాకా నడవలేనివాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. బుడమేరు వరద తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకు 10 వేలు ప్రకటించింది. లెక్క రాయడానికి వచ్చినవాళ్ళు కాగితాలు అడిగారు. అద్దెకున్నవాళ్ళ ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంది. ఉన్న కాగితాలు నీళ్ళల్లో నానిపోయాయి.

ఆ వారం మా ఆడవాళ్ళు తడిసిన సంఘం పుస్తకాలను మేడల మీద ఆరబెట్టారు. పేజీకీ పేజీకీ మధ్య పాత చీర ముక్కలు పెట్టి, మెల్లగా విడదీసి, ఇస్త్రీ పెట్టె సన్నటి వేడి మీద ఆనించారు. సిరా కొన్నిచోట్ల అలుక్కుపోయింది. హాజరు పట్టిక మాత్రం మిగిలింది. ఫలానా మనిషి నాలుగేళ్ళుగా ప్రతి నెలా ఈ వీధి సమావేశంలో సంతకం పెట్టిందని చూపిస్తే, లెక్క రాసే కుర్రాడు ఆ పేజీలు తిప్పి చూసి, పక్కింటివాళ్ళ సాక్ష్యం తీసుకుని పేరు ఎక్కించుకున్నాడు. ప్రభుత్వం ఇచ్చింది, సంఘం అందేలా చేసింది. రెండూ కావాలి.

మీరుంటే జనం మీ మీదే ఆధారపడిపోరా అన్నది మూడో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు ఫ్లైఓవర్ మీద నాకు దొరికింది. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి మా ఆఫీసులోనే నీళ్ళున్నాయి. మా ఫైళ్ళు, కంప్యూటరు పోయాయి. ఆ రోజంతా నేను ఆ పేటలోకి అడుగు పెట్టలేకపోయాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పెరుగుతూ పోయి, మర్నాటికి చరిత్రలో లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బుడమేరు నీళ్ళు నదిలోకి వెళ్ళే దారి లేక గట్లు తెగి ఊళ్ళోకి తిరిగాయి. చివరి గండి పూడేసరికి వినాయక చవితి వచ్చింది. మొదటి రెండు రోజులు పేటను కాపాడుకున్నది పేటే. ఎవరి మేడ మీద ఎవరిని ఎక్కించాలో, ఉన్న రెండు గ్యాస్ పొయ్యిల మీద ఎవరు వండాలో, పసిపిల్లల పాలు ఎవరి దగ్గర ఉండాలో వాళ్ళే తేల్చుకున్నారు. నేను లేని రోజున పుస్తకం మా లీడరు చేతిలో ఉంది. మా ఇరవై ఏళ్ళ పనికి అంతకంటే మంచి నివేదిక నేను రాయలేను.

అందుకే ఒక సంస్థ పేటలో ఎంతకాలం ఉండాలంటే, పుస్తకం చేతులు మారేదాకా. దానికి ఏళ్ళు పడుతుంది. మనం ఇచ్చే డబ్బేమో ఏడాది ప్రాజెక్టుకు వస్తుంది, మార్చి 31కి ఆగిపోతుంది. మనుషుల నమ్మకానికి ఆర్థిక సంవత్సరం ఉండదు.

ఈ నగరానికి ఈ సంగతి తెలియనిది కాదు. గోరా, సరస్వతీ గోరా దంపతులు ముదునూరులో 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకు వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం నేటికీ పనిచేస్తోంది. వాళ్ళ ఆలోచనలతో ఏకీభవించనివాళ్ళు కూడా వాళ్ళు ఉండిపోయారన్న మాట ఒప్పుకుంటారు. ఉండిపోవడమే వాళ్ళ పనికి బలం.

చెయ్యాల్సింది ఇదీ

కంపెనీలవారికి, దాతలకు నా విన్నపం ఒకటే. వస్తువు ఇచ్చే ముందు మనిషిని ఇవ్వండి. ఒక పేటను ఎంచుకోండి. అక్కడే పుట్టిన ఒక అమ్మాయికి ఐదేళ్ళపాటు గౌరవంగా బతికే జీతం ఇవ్వండి. ఏడాదికోసారి మీరే వచ్చి ఆ వీధిలో కూర్చుని పుస్తకాలు చూడండి. ఎన్ని పొట్లాలు పంచామని అడగకండి. ఎన్ని సంఘాలు మా సాయం లేకుండా సొంతంగా లెక్క రాసుకుంటున్నాయని అడగండి.

నగరపాలక సంస్థకు రెండో మాట. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోనే రాశారు. విజయవాడ జనాభా 2011 నాటికే పది లక్షలు దాటింది. వార్డులో ఏ పని ముందో తేల్చే చోట సంఘాల ఆడవాళ్ళు కూర్చోవాలి. సభలకు జనం కావాల్సి వచ్చినప్పుడు మాత్రమే వాళ్ళు గుర్తుకు రాకూడదు. వరద ప్రణాళిక రాసేటప్పుడు వాళ్ళ వెనక పేజీల జాబితా అడగండి. ప్రతి వానాకాలం ముందు, జూన్‌లో, ఆ జాబితాను వార్డు సచివాలయం సిబ్బంది, సమాఖ్య లీడర్లు కలిసి కూర్చుని సరిచూసుకోవాలి. దానికి అయ్యే ఖర్చు కాగితం, పెన్ను, ఒక మధ్యాహ్నం. ఆ జాబితాలో ఉన్నది మనుషుల జబ్బులూ కష్టాలూ కాబట్టి అది సంఘం దగ్గరే భద్రంగా ఉండాలి, అవసరానికే బయటికి రావాలి.

మూడో మాట ఇది చదువుతున్న మీకు. అపార్ట్‌మెంటులో ఉన్నా, పేటలో ఉన్నా, ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ ఇంటికి అటు ఐదిళ్ళు, ఇటు ఐదిళ్ళు. అందులో ఒంటరిగా ఉన్నదెవరు, మెట్లు దిగలేనిదెవరు, రోజూ సూది మందు పడేదెవరికి, పిల్లలు దూర దేశంలో ఉన్న పెద్దవాళ్ళెవరు? తెలియకపోతే వెళ్ళి పలకరించండి. తెలిసింది రాసుకోండి.

మా లీడరు ఇప్పుడు కొత్త పుస్తకం పెట్టింది. పాతదాన్ని అట్ట వేసి బీరువాలో దాచింది. కొత్త పుస్తకంలో ఇళ్ళ జాబితా ఇప్పుడు మొదటి పేజీలోనే ఉంది. ప్రతి నెలా రెండో శనివారం ఆవిడ వీధి వీధీ తిరిగి దాన్ని సరిచేస్తుంది. ఈ పనికి ఆవిడకు ఇప్పటిదాకా ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇవ్వాల్సింది మనం.